వెలుగును దాని జ్ఞాతివర్గమును



మన సంఘసభ్యులలో ఒక పెద్దమనిషికి నిరుడు గొంతులో రాచపుండు లేచినది. పట్టణమునందలి ఆసుపత్రిలో ఆఱు వారములు కరెంటు పెట్టి పంపిరి. కరెంటు అని మనము వాడుకగా అనుచున్నాము గాని అది విద్యుత్తు కాదు. వికిరణ చికిత్స, అనగా రేడియేషన్. ఆయన యింటికి వచ్చినాడని విని పరామర్శకు పోతిని. వసారాలో నులకమంచముపై ఆయన ఒక్కడే కూర్చుండి యుండెను. మనుమలిద్దఱు లోపలి గడపకడ నిలిచి తాతను చూచుచుండిరే గాని దగ్గఱకు రాలేదు. కారణమేమని అడుగగా ఆ యింటి కోడలు, "కరెంటు పెట్టిన మనిషి ఒంట్లో నెల దినములు రేడియేషన్ ఉండునట, బాబాయిగారూ. పిల్లలకు సోకునేమో యని దూరముగా నుంచితిమి" అని చెప్పినది. ఆయన కంచము వేఱు, చెంబు వేఱు, దుప్పటి వేఱు. పెద్దాయన ఏమియు ననలేదు. గొంతు సరిగా పలుకని స్థితి. పలికినచో ఏమనియుండెడివాడో నేనెఱుగను.

ఆ వారమే సంఘ సమావేశమున, మన గిడ్డంగి మీద సెల్ టవరు నిలుపుకొనుటకు చోటు బాడుగ కిచ్చు విషయము చర్చకు వచ్చి, రేడియేషన్ అను ఒక్క మాటపై వీగిపోయినది. వేరుసెనగ విత్తనముల పంపకమునాడు టి.ఎ.జి.-24 బస్తాను చూపి ఒక యువకుడు, ఇది అణుశక్తివారి విత్తనమట, రేడియేషన్ గింజను తినవచ్చునా అని అడిగెను. మూడు చోట్లను భయపెట్టినది ఒకే మాట. ఆ మాటలో ఏమేమి యిమిడి యున్నవో విడదీసి చూపుటకే ఈ వ్యాసము. ఎరువులను, తెగుళ్లను గూర్చి వ్రాయవలసిన పుటలలో ఇదేమి పాఠమని కొందఱు అనుకొనవచ్చును. కాని మన పైరు మొదట తినునది ఎండను. మనము వేయు ఎరువు తరువాతి మాట.

చెఱువులో రాయి వేసిన అలలు పుట్టి గట్టు వఱకు పోవును. ఆ నీటిపై ఒక గడ్డిపరక తేలుచుండినచో దానిని గమనింపుడు. అల వచ్చినప్పుడు పరక పైకి లేచును, క్రిందికి దిగును; గట్టునకు మాత్రము రాదు. గట్టును చేరినది కదలికయే గాని నడుమనున్న నీరు కాదు. ఒక అల శిఖరము నుండి తరువాతి శిఖరము వఱకు గల దూరమును తరంగదైర్ఘ్యమందురు. సెకనుకు ఎన్ని శిఖరములు పరకను దాటిపోవునో ఆ లెక్కను పౌనఃపున్యమందురు. రేడియో పెట్టెలపై కిలోహెర్ట్జులు, మెగాహెర్ట్జులు అని అచ్చువేసి యుండునది ఈ లెక్కయే. ఈ రెండింటిని హెచ్చవేసినచో అల పోవు వేగము వచ్చును.

వెలుగును ఇట్టి తరంగమే. అయితే దీనికి నీరు గాని గాలి గాని అక్కఱలేదు. సూర్యునకును మనకును నడుమ సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరము. అదంతయు దాదాపు శూన్యమే. దానిని దాటి వెలుగు 8 నిమిషముల 20 సెకనులలో మన పొలముపై వాలును. ఇందు ఊగునవి విద్యుత్ క్షేత్రమును, అయస్కాంత క్షేత్రమును. మొదటిది మాఱుటచే రెండవది పుట్టును. రెండవది మాఱుటచే మొదటిది పుట్టును. ఇట్లు ఒకదాని నొకటి లేపుకొనుచు సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు సాగిపోవును. స్కాట్లండు దేశీయుడగు జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1865లో ప్రకటించిన లెక్కలో ఇది తేలినది. విద్యుత్తును, అయస్కాంతమును గూర్చి బల్లమీద కొలిచిన కొలతల నుండి ఆయన గట్టిన తరంగవేగము, అంతకు ముందే తెలిసియున్న వెలుగు వేగముతో సరిపోయెను. కావున వెలుగు విద్యుదయస్కాంత తరంగమని ఆయన నిశ్చయించెను. ఇందు మనము గమనింపవలసిన దొకటి కలదు. అల యింత పొడవే యుండవలెనను నిర్బంధము ఆ లెక్కలో ఎక్కడను లేదు. కంటికి కనబడు పొడవులకన్న పొడవైన అలలును, పొట్టి అలలును ఉండుటకు ఏ యడ్డును లేదు.

అట్టివి యున్నవని మాక్స్‌వెల్‌కు చాల ముందే ప్రయోగమున తేలియుండెను. నేను చదివిన మిషన్ పాఠశాలలో ఒక గాజు పట్టకముండెను. పట్టకమనగా మూడు మూలల గాజు కడ్డీ. మా మాష్టారు దానిని ఏడాదికి ఒక్కమాఱు బీరువా నుండి తీసి, కిటికీ తలుపు సందున వచ్చు ఎండకు అడ్డముగా పట్టెడివారు. ఎదుటి గోడపై ఊదా మొదలు ఎఱుపు వఱకు రంగుల పట్టీ పడెడిది. మేము బెంచీలెక్కి చూచెడివారము. ఎఱుపు దాటిన తరువాత చీకటిగా నున్న చోట ఏమైన నున్నదా యని మాలో ఒక్కడును అడుగలేదు.

అడిగినవాడు విలియం హెర్షెల్. ఆయన జర్మనీలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడినవాడు. మొదట సంగీతముచే జీవించి, పిమ్మట ఆకాశమును పరిశీలించి 1781లో యురేనస్ గ్రహమును కనుగొన్నవాడు. దూరదర్శినిలో సూర్యుని చూచుటకు రంగుటద్దములను అడ్డము పెట్టుకొనునప్పుడు, కొన్ని అద్దములలో వెలుగు తక్కువైనను వేడి యెక్కువ తగులుటను ఆయన కనిపెట్టెను. ఏ రంగునందు ఎంత వేడి యున్నదో చూతమని 1800లో పట్టకము నుండి పడిన రంగుల పట్టీపై నల్లరంగు పూసిన ధర్మామీటరు బుడ్డిని ఉంచెను. ఊదారంగున పాదరసము సుమారు 2 డిగ్రీలు లేచినది; ఆకుపచ్చయందు 3 డిగ్రీలకు కొంచెము పైగా; ఎఱుపునందు దాదాపు 7 డిగ్రీలు. ఇవి ఫారన్‌హీటు డిగ్రీలు. పిమ్మట ధర్మామీటరును ఎఱుపు అంచు దాటించి ఏ రంగును లేని చోట పెట్టెను. అక్కడ పాదరసము ఎఱుపునందుకన్న ఎక్కువగా లేచినది! కంటికి కనబడని కిరణమొకటి ఎండలో కలిసియే వచ్చుచున్నదని ఆనాడు తేలినది. వీనిని పరారుణ కిరణములందుము. మఱు సంవత్సరమే జర్మనీలో రిట్టర్ అను యువకుడు పట్టీ యొక్క రెండవ అంచును పరీక్షించెను. వెండి క్లోరైడు వెలుగు తగిలిన నల్లబడును. ఊదా దాటిన చీకటిలో అది మఱింత త్వరగా నల్లబడినది. అవి అతినీలలోహిత కిరణములు.

హెర్షెల్ ప్రయోగమునుబట్టి ఎండలో ఎఱుపును పరారుణమునే బలమైనవని యనుకొనరాదు. గాజు పట్టకము ఎఱుపు వైపు కిరణములను దగ్గఱగా కుదించి, ఊదా వైపు కిరణములను వెడల్పుగా పఱచును. అందుచే ఎఱుపు వైపున ఒక్కొక్క అంగుళమునకు వాటా హెచ్చుగా పడినది. అయినను నేలకు చేరు ఎండయొక్క శక్తిలో ఇంచుమించు సగము పరారుణమే యనునది నిజము. కళ్లములో మిరపకాయ ఎండునప్పుడు కనబడు వెలుగెంత పని చేయునో, కనబడనిదియు నంత పని చేయును.

1887, 1888 సంవత్సరములలో జర్మనీలో హెర్ట్జ్ విద్యుత్ మెఱుపుల నుండి పొడవైన అలలను పుట్టించి, అవి వెలుగు వలెనే తిరిగి కొట్టుననియు, వంగుననియు చూపెను. పౌనఃపున్యపు లెక్కకు ఆయన పేరే పెట్టిరి. మన దేశమున జగదీశచంద్ర బోసు 1890 దశకపు నడుమ కలకత్తాలో సుమారు 5 మిల్లీమీటర్ల పొడవు గల అలలను పుట్టించి వానిపై పరిశోధనలు జరిపెను; సభలో తీగ యేమియు లేకయే ఆవలి గదిలో గంట మ్రోగించి, తుపాకిమందు పేల్చెను. ఆయనయే తరువాత మొక్కల చైతన్యమును కొలుచు యంత్రములను చేసినాడు గాన మనకు దగ్గఱివాడు. 1895 నవంబరులో రంట్‌గన్ ఎక్స్ కిరణములను, 1900లో ఫ్రాన్సున విల్లార్ గామా కిరణములను కనుగొనిరి. ఇవి వెలుగునకు ఎంత దూరపు చుట్టములో మొదట తెలియలేదు. పొడవును కొలువగలిగిన పిమ్మట అన్నియు ఒక్క వంశమేయని నిశ్చయమైనది.

ఈ వంశమును పొడవునుబట్టి వరుసగా చూతము. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జుల మీద చేసిన ప్రసారములను మీలో పెద్దలు వినియే యుందురు. ఆ అల పొడవు 358 మీటర్లు. మూడు ఫర్లాంగులు నడచి, మఱొక గేదెను చంపి పోయినంత దూరమని మా తాత యుండినచో అనెడివాడు కాడు గాని, సుమారు రెండు ఫర్లాంగులకు కొంచెము తక్కువ. 900 మెగాహెర్ట్జుల సెల్‌ఫోను అల మూరెడుకన్న తక్కువ, 33 సెంటీమీటర్లు. మచిలీపట్టణమున తుపానులను కనిపెట్టు రాడారు అల సుమారు 10 సెంటీమీటర్లు. మిల్లీమీటరు లోపలికి దిగిన పిమ్మట పరారుణము; టి.వి. రిమోటు కొసను మినుకుమనునది, రాత్రివేళ వేడెక్కిన నేల నుండి ఆకాశమునకు పోవునది ఇదియే. మబ్బులేని శీతకాలపు రాత్రి నారుమడిపై మంచు పడుటకు కారణము నేల తన వేడిని పరారుణముగా పైకి వదలుటయే. మబ్బున్న రాత్రి ఆ మబ్బు దానిలో కొంత తిరిగి పంపును గాన చలి తగ్గును.

కంటికి కనబడు వెలుగు 700 నానోమీటర్ల ఎఱుపు మొదలు 400 నానోమీటర్ల ఊదా వఱకు మాత్రమే. మిల్లీమీటరును పది లక్షల భాగములు చేసిన అందొక భాగము నానోమీటరు. తల వెండ్రుక మందములో ఆకుపచ్చ వెలుగు అలలు సుమారు నూఱు పట్టును. 400కు లోపల అతినీలలోహితము. 10 నానోమీటర్లకు లోపల ఎక్స్ కిరణములు. ఇంకను పొట్టివి గామా కిరణములు. ఈ హద్దురాళ్లన్నియు మనుష్యులు నాటినవే. అలలకు వాని సంగతి తెలియదు. ఎక్స్ కిరణములును గామా కిరణములును కొంత మేర పొడవున కలిసియే పోవును. యంత్రములో ఎలక్ట్రానుల నుండి పుట్టిన ఎక్స్ అనియు, పరమాణు గర్భము నుండి పుట్టిన గామా అనియు అందుము.

వికిరణము, రేడియేషన్ అను మాటకు, ఒక చోట పుట్టి చుట్టును వెదజల్లబడు శక్తియని అర్థము. కావున పైన చెప్పినవన్నియు రేడియేషనే. ఎండయు రేడియేషనే. పొయ్యిలోని నిప్పుల సెగయు, గుడిలోని దీపమును రేడియేషనే. అణుపదార్థముల నుండి వెలువడు ఆల్ఫా, బీటా కిరణములను గూడ ఆ పేరనే పిలుతురు గాని అవి రేణువులు. ఈ వంశమునకు చేరినవి కావు.

అయినచో వీనిలో కొన్ని మేలు చేసి, కొన్ని కీడు చేయుటకు కారణమేమి? అల యంతయు ఒక్క ధారగా శక్తి నియ్యదు. విడివిడి పొట్లములుగా నిచ్చును. 1900లో ప్లాంక్ మొదలిడిన ఈ ఊహను 1905లో ఐన్‌స్టీను వెలుగునకు వర్తింపజేసెను. అల ఎంత పొట్టిదో పొట్లము అంత బలమైనది. ఆకుపచ్చ వెలుగు పొట్లములో ఉన్న శక్తి, 33 సెంటీమీటర్ల సెల్‌ఫోను అల పొట్లములోని శక్తికి 6 లక్షల రెట్లు. వైద్యశాలలో ఎముక బొమ్మ తీయు ఎక్స్ కిరణపు పొట్లము ఆకుపచ్చ దానికి పదివేల రెట్ల వఱకు నుండును.

చింతచెట్టు కొమ్మన కాయ వ్రేలాడుచున్నది. దానిపై గంపెడు ఊక చల్లుడు, పది గంపలు చల్లుడు, కాయ రాలదు. గులకరాయి ఒక్కటి సూటిగా తగిలిన రాలును. మన దేహములోని కణములందు వంశలక్షణములను మోయు పదార్థము ఉన్నది. దాని బంధములను త్రెంచి కీడు చేయుటకు ఒక్కొక్క పొట్లమునకు తగిన బలముండవలెను. రేడియో, సెల్‌ఫోను, పరారుణము, కనబడు వెలుగు ఊక వంటివి. అతినీలలోహితము నడుమ నుండి గులకరాళ్లు మొదలగును. ఎక్స్, గామా కిరణములు వడిసెల రాళ్లు. ఊక హానియే చేయదని కాదు. గుట్టగా పోసిన ఊపిరాడదు. రేడియో అలలు అట్లే మితిమీఱి గుమిగూడిన చోట వేడి పుట్టించును. వంట చేయు మైక్రోవేవ్ పొయ్యి ఆ విధముగనే, 12 సెంటీమీటర్ల అలలతో, వందల వాట్ల బలమును ఒక పెట్టెలో బంధించి నీరున్న పదార్థమును వేడిచేయును.

టవరు సంగతి ఇప్పుడు చూడుడు. దాని ఏంటెన్నా నుండి వెలువడు బలము పదుల వాట్ల లెక్కలోనిది. అది చుట్టును వెదజల్లబడును గాన దూరము రెట్టింపైన బలము నాలుగవ వంతగును. 2012 సెప్టెంబరు 1 నుండి మన దేశములో విధించిన హద్దు, 900 మెగాహెర్ట్జుల వద్ద, చదరపు మీటరునకు 0.45 వాటు, అది నాటి అంతర్జాతీయ ప్రమాణములో పదవ వంతు. అదే చదరపు మీటరుపై మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 1000 వాట్లు కురియును. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2011లో రేడియో అలలను రాచపుండు కలిగింపవచ్చునేమో యను అనుమానపు తరగతిలో చేర్చినది. ఇది దాచదగిన సంగతి కాదు. అదే సంస్థ 1992లోనే సూర్యుని ఎండను, అనుమానము లేని మొదటి తరగతిలో చేర్చినదని కూడ చెప్పవలెను. పోనిండు, చెవికి ఆనించుకొను ఫోను నుండి మనకు తగులునది దూరపు టవరు నుండి తగులుదానికన్న ఎక్కువ. టవరు దూరమైనకొలది ఫోను తన గొంతు పెంచి అఱచును. గిడ్డంగి కప్పు ఆ బరువు నోర్చునా, జనరేటరు పొగ విత్తనపు గదిలోనికి వచ్చునా, బాడుగ పత్రమున గడువెంత యని అడిగియుండినచో సభ్యుల అభ్యంతరమును నేను మెచ్చియుందును. ఏంటెన్నాకు ఎదురుగా, చేయి చాపిన దూరమున ఎవరును నిలువకుండ కంచె వేయవలెనని కోరుట మాత్రము న్యాయమే.

టవరునకు జడిసిన వారము, ఎండలోని గులకరాళ్లను లెక్కింపము. అతినీలలోహితములో మిక్కిలి పొట్టి అలలను ఆకాశమున ఎత్తున నున్న ఓజోను పొర ఆపివేయును; 280 నుండి 315 నానోమీటర్ల నడిమి వానిలో కొంత నేలకు దిగును. చర్మమున విటమిను డి పుట్టించునది ఇదియే. ఏండ్ల తరబడి కంటిలో పడి శుక్లములు ముదురుటకు ఒక కారణమగునదియు ఇదియే. మన చర్మపు నలుపు కొంత కాపు కాయును. కంటికి ఆ కాపు లేదు. తలపాగా చుట్టి, అంచు గల తాటాకు గొడుగు ధరించు మన పెద్దల అలవాటును వదలి టోపీయైనను లేక మందు పిచికారి చేయు కుఱ్ఱవాండ్రను చూచుచున్నాను.

ఇంతకన్న దగ్గఱి అపాయము మన ఊరి వెల్డింగు కొట్టులో కలదు. ట్రాక్టరు తొట్టికి అతుకు వేయునప్పుడు లేచు నీలి మంటలో అతినీలలోహితము మెండు. పిల్లలు చుట్టుమూగి చూతురు. పనివాడును అద్దము పెట్టుకొనక కన్ను చికిలించి కానిచ్చును. అప్పటికేమియు తెలియదు. అర్ధరాత్రి కన్నులలో ఇసుక పోసినట్లు మంట, నీరు. నల్లని అద్దము మొగమునకు లేనిదే అతుకు వేయనీయకుడు, పిల్లలను తఱిమివేయుడు. టవరును ఆపుటకు సంతకములు పెట్టిన యెనుబది మంది ఈ పని చేసినచో ఒక్క దినములో తీఱును.

ఇక దీపమును, వెలుగును వేఱుచేసి చూడవలెను. మన భయములలో అధిక భాగము ఈ రెండు కలగలియుటచే పుట్టినవి. గోడపై టార్చిదీపము వేసిన గోడ వెలుగును. ఆర్పిన మఱుక్షణము గోడ చీకటియే. గోడకు తగిలినది వెలుగు. దీపము మన చేతిలోనే యున్నది. మహారాష్ట్రమున లాసల్‌గాంలో 2002లో స్థాపించిన కేంద్రమున కోబాల్టు-60 అను దీపము గలదు. దాని నుండి గామా కిరణములు వెలువడును. పొడవు నానోమీటరులో వేయవ వంతు. ఉల్లిగడ్డలు మొలకెత్తకుండుటకు దానిని మొదట వాడిరి. 2007లో మన దేశపు మామిడి అమెరికాకు పోవుటకు దారి తెఱచినదియు అదియే. పండు ఈగ, టెంక పురుగు అచ్చటికి పోకుండుటకై కనీసము 400 గ్రేల మోతాదు పండ్లపై ప్రసరింపవలెనని ఆ దేశమువారు నిబంధన పెట్టిరి. పండు ఆ వెలుగులో నుండి పోవును; కోబాల్టు పండునకు తగులదు. ఆ పొట్లములకు పురుగు కణములను పాడుచేయు బలమున్నది గాని, పండులోని పరమాణు గర్భములను కదల్చి వానినే దీపములుగా మార్చు బలము లేదు. కావున పండు గది దాటిన పిమ్మట మామూలు పండే.

విత్తనపు సంగతి ఇంకను సులభము. ట్రాంబేలోని శాస్త్రజ్ఞులు స్పానిష్ ఇంప్రూవ్డ్ అను వేరుసెనగ గింజలపై ఎక్స్ కిరణములు ప్రసరింపజేసి, వాని సంతతిలో పెద్ద కాయలు గల మొక్కలను ఏరి, 1973లో టి.జి.-1 రకమును విడుదల చేసిరి. అట్టి మొక్కలను తిరిగి సంకరము చేయగా చేయగా వచ్చినవానిలో టి.ఎ.జి.-24 ఒకటి. కిరణము తగిలినది ఎన్నో తరముల క్రిందటి గింజకు. మన బస్తాలోని గింజ ఎండను తప్ప వేఱొక కిరణమును చూచి యెఱుగదు. ఆ యువకుడు అడుగుట మంచిదే యైనది.

దీపమే చేతికి వచ్చినచో మాత్రము కథ వేఱు. 2010లో ఢిల్లీ మాయాపురి పాతయినుము బజారునకు వాడుకలో లేని యొక యంత్రము అమ్మకమునకు వచ్చినది. లోపల కోబాల్టు-60 కడ్డీలున్నవని ఎఱుగక దానిని విడగొట్టిరి. పలువురు జబ్బుపడిరి, ఒకడు మరణించెను. పసుపు నేలపై మూడు ఱెక్కల గుర్తు గల ఏ లోహపు పెట్టె కంటబడినను ముట్టక, దూరముగా తొలగి, పోలీసులకు తెలుపుడు. ఇది భయపడవలసిన చోటు.

ఆ పెద్దాయన యింటిలో కోడలి యెదుట నేను టార్చిదీపముతో ఇదే చూపితిని. మామగారి గొంతుపై పడినది వెలుగు మాత్రమే. దీపము ఆసుపత్రిలోనే యున్నది. ఇప్పటి యంత్రములలో చాలవాటికి అచ్చటను దీపము లేదు, మీట నొక్కినప్పుడే కిరణము పుట్టును, ఆపిన ఆగును అని చెప్పితిని. ఆమె విన్నది గాని, "మా పిన్నత్తగారి చెల్లెలికి మందు త్రాగించి, వారము దినములు ఎవరిని దగ్గఱకు రానీయలేదే" అని ప్రశ్నించినది. ప్రశ్న సరియైనదే. గొంతు గ్రంథి జబ్బునకు ఒక విధమగు అయోడిను మందు నిత్తురు. ఆ రోగి దీపమునే మ్రింగినట్లు. అప్పుడు వైద్యులు చెప్పినన్ని దినములు పిల్లలను, గర్భిణులను దూరముగా నుంచవలెను. కొందఱికి దేహములోపల చిన్న దీపములను అమర్చి యుంచుటయు కలదు. కావున ఆసుపత్రి నుండి వచ్చునప్పుడు అడుగవలసిన ప్రశ్న యిది: మా మనిషికి వెలుగు చూపితిరా, దీపము పెట్టితిరా? కోడలు నా మాటను పూర్తిగా నమ్మలేదు. మఱునాడు భర్తను వెంటబెట్టుకొని పోయి వైద్యురాలినే అడిగి వచ్చినది. అది నాకు సంతోషమే కలిగించినది. తరువాతి ఆదివారము నేను పోవునప్పటికి చిన్న మనుమడు తాత మంచముపై పడుకొని యుండెను. పెద్దవాడు ఆయన చెంబుతోనే నీళ్లు త్రాగుచుండెను.

స్థలము కొంచెమే మిగిలినది గాన ఉపగ్రహముల మాట క్లుప్తముగా చెప్పెదను. పచ్చని ఆకు ఎఱుపు, నీలి వెలుగులను తన ఆహారము వండుకొనుటకు పట్టుకొని, ఆకుపచ్చలో కొంత తిప్పి కొట్టును. కంటికి కనబడని దగ్గఱి పరారుణమునైతే అధికముగా తిప్పి కొట్టును. తెగులు తగిలిన ఆకు, ఎండిన ఆకు అంతగా తిప్పి కొట్టదు. ఈ రెండింటి నిష్పత్తిని పైనుండి కొలిచి పైరు స్థితిని అంచనా కట్టుదురు. వానకాలపు మబ్బును వెలుగు దాటలేదు. కొన్ని సెంటీమీటర్ల రాడారు అల దాటును. 2012 ఏప్రిలు 26న శ్రీహరికోట నుండి పంపిన రీశాట్-1 ఉపగ్రహము 5.6 సెంటీమీటర్ల అలతో మబ్బుల క్రింది వరిపొలములను చూచినది.

హెర్షెల్ ప్రయోగమును మన పిల్లలు చేయుటకై ఒక పట్టకమును, మూడు ధర్మామీటర్లను సంఘ కార్యాలయమున ఉంచితిని. ధర్మామీటరు బుడ్డీలకు నల్లరంగు పూయబడినది. అట్టపెట్టె నొకదానిని తెచ్చి, అడుగున తెల్లకాగితము పఱచి, పై అంచున పట్టకమును గ్రుచ్చి, రంగుల పట్టీ నీడలో పడునట్లు త్రిప్పుకొనవలెను. ఒక ధర్మామీటరు నీలము మీద, ఒకటి పసుపు మీద, ఒకటి ఎఱుపు దాటిన చీకటిలో ఉంచి అయిదు నిమిషములు ఆగి చదువవలెను. పట్టకము గుండ సూర్యుని చూడరాదు. మబ్బులేని దినమున ఉదయము పది గంటల నుండి మధ్యాహ్నము వఱకు అనుకూలము. తీసికొనిపోవువారు గుమాస్తా వద్ద పేరు వ్రాయించి, మఱునాటికి తిరిగి అప్పగింపగోరుచున్నాను.